జీతాల లెక్క వెనుక మనిషి



ఒకటో తారీఖు వస్తున్నదంటే మన ఇళ్ళల్లో ఎంత హడావుడో మీకు తెలియనిది కాదు. పాల లెక్క, కిరాణా ఖాతా, పిల్లల ఫీజు, చీటీ డబ్బు అన్నీ ఆ రోజు కోసమే కాచుక్కూర్చుంటాయి. జీతం నాలుగు రోజులు ఆలస్యమైతే ఎవరికేమని సర్దిచెప్పాలో ఇల్లాలికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు. మరి ఆ జీతాన్ని లెక్కకట్టి పంపించే మనిషిని గురించి ఎప్పుడైనా ఆలోచించామా? ఈ వేళ ఆ మనిషి గురించే నాలుగు మాటలు ముచ్చటించుకుందాం.

పూర్వం ఆఫీసుల్లో జీతాల గుమస్తా అని ఒకాయన ఉండేవారు. మూలన ఒక బల్ల, దాని మీద పెద్ద రిజిస్టరు. రెవిన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకుని నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవారు. నెలాఖరున తప్ప ఆయన్ని పలకరించే వాళ్ళుండరు. ఇప్పుడా పనిని పేరోల్ అంటున్నారు. పెద్ద కంపెనీల్లో ఆ విభాగం అధిపతిని డైరెక్టర్లు కూర్చునే గదిలోకి పిలిచి సలహా అడుగుతున్నారు. ఎందుకీ గౌరవం అంటారా?

పొద్దున్నే మా కొత్తపేట దగ్గర విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషను చూడండి. భుజాన సంచీలతో పిల్లలు బిలబిలమంటూ ఆఫీసులకు పోతుంటారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పెట్టే ఖర్చులో సగానికి పైగా వీళ్ళ జీతాలే. అద్దె ఎంతో, బియ్యం ఎన్ని కావాలో తెలియనివాళ్ళు ఇల్లు దిద్దగలరా? కంపెనీ అయినా అంతే. కొత్త శాఖ తెరవాలన్నా, నూరుమందిని తీసుకోవాలన్నా అసలు ఖర్చెంతో చెప్పవలసింది ఈ మనిషే. అంతేకాదు, పాల లెక్క చూస్తే ఏ వారం చుట్టాలొచ్చారో మనకు తెలిసిపోతుంది కదా! అలాగే ఏ విభాగంలో ఓవర్‌టైము పెరుగుతున్నది, ఎక్కడ జనం మానేస్తున్నారు అన్నది ముందుగా జీతాల పద్దులోనే కనపడుతుంది.

ఇక చట్టం సంగతి. 2019లో చేసిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపల ఇవ్వాలి. ఉద్యోగం మానుకున్నా, తీసేసినా రెండు పనిదినాల్లో బకాయి చెల్లించాలి. మూల వేతనం తక్కువ చూపించి అలవెన్సుల పేరుతో నింపే అలవాటుకూ ఒక హద్దు పెట్టారు. మొత్తం జీతంలో అలవెన్సులు సగానికి మించితే, మించిన భాగం కూడా వేతనం కిందికే వస్తుంది. గ్రాట్యుటీ లాంటివి ఆ వేతనం మీదనే లెక్కకట్టాలి. ఇవన్నీ తెలిసిన మనిషి లేకపోతే కంపెనీకి చిక్కు, మనకు నష్టం.

అన్నిటికన్నా పెద్దది నమ్మకం. మన హైదరాబాదులోనే జరిగిన సంగతి గుర్తు చేస్తాను. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తమ లెక్కలు తప్పుడువని ఉత్తరం రాశారు. పుస్తకాల్లో 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు చూపితే అందులో 5,040 కోట్లు లేనే లేవు! ఆ కంపెనీని నమ్ముకుని వేలాది కుటుంబాలున్నాయి. నెలాఖరు జీతం వస్తుందా అని ఎన్ని ఇళ్ళల్లో అన్నం సయించలేదో! ప్రభుత్వం కిరణ్ కార్నిక్, దీపక్ పారేఖ్, టి.ఎన్. మనోహరన్ వంటివారితో కొత్త బోర్డు వేసింది. వారి ముందున్న మొదటి సమస్యల్లో ఒకటి ఈ జీతాలే. ఫిబ్రవరిలో 600 కోట్ల రుణం సంపాదించి కంపెనీని నిలబెట్టారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దాన్ని చేపట్టింది. జీతాలు ఆగిపోయి ఉంటే మనుషులు చెదిరిపోయేవారు. మనుషులు లేని సాఫ్ట్‌వేర్ కంపెనీలో మిగిలేదేమిటి, ఖాళీ మేడలే కదా!

పెద్ద కంపెనీల మాట అలా ఉంచి మా వీధిలో సంగతి చెబుతాను. ఒకావిడ భర్త చిన్న కంపెనీలో పనిచేస్తూ హఠాత్తుగా పోయారు. పి.ఎఫ్. డబ్బు కోసం వెడితే ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, కంపెనీ లెక్కల్లో వెనకుంది. నామినీగా ఎప్పుడో కాలం చేసిన అత్తగారి పేరే ఉంది. ఎనిమిది నెలలు తిరిగింది పాపం. చివరికి ఆ కంపెనీ జీతాల విభాగానికి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి పాత కాగితాలన్నీ తీసి, సవరణకు రాయించి, దగ్గరుండి పని పూర్తి చేయించింది. పి.ఎఫ్. చందాదారు ఉద్యోగంలో ఉండగా పోతే కుటుంబానికి 7 లక్షల దాకా వచ్చే బీమా ఒకటుందని కూడా ఆ అమ్మాయి చెప్పేదాకా ఆవిడకు తెలియదు. అంతటితో ఊరుకోక, మిగతా ఉద్యోగులందరి పేర్లూ నామినీలూ సరిచూడాలని యజమానిని ఒప్పించింది. అధికారం అంటే ఇదీ!

అందుకే నా మనవి ఒక్కటే. పేరోల్ అధిపతికి పెద్దల గదిలో కుర్చీ వేస్తే చాలదు. "ముందు జీతాలు, పి.ఎఫ్. సొమ్ము పక్కన పెట్టండి, మిగిలిన దాని గురించి తరువాత మాట్లాడుదాం" అనే ధైర్యం కూడా ఆ మనిషికి ఉండాలి. మనం అద్దె డబ్బు, ఫీజు డబ్బు ముందుగా డబ్బాలో వేసి, ఆ పైన చీరల మాట ఎత్తమూ? ఉద్యోగి జీతంలో కోసిన పి.ఎఫ్. యజమాని సొమ్ము కాదు. మరుసటి నెల 15వ తేదీ లోపల జమ కట్టాలి. కట్టకుండా వాడుకోవడం నేరం.

ఈ ఆదివారం కాఫీ తాగాక మీ వారినో, అమ్మాయినో, అబ్బాయినో కూర్చోబెట్టి జీతం చీటీ అడిగి చూడండి. పి.ఎఫ్. నెలనెలా జమ అవుతున్నదా? పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయా? నామినీ ఎవరు? "నీకెందుకివన్నీ" అంటే నవ్వి ఊరుకోకండి. ఆ లెక్క ఆఫీసులో మొదలైనా, చివరికి వచ్చి చేరేది మన వంటింటికే కదా!

సెలవు.