బట్టల షాపు కంప్యూటర్‌లో మన లెక్క ఎక్కడుంది?

(బట్టల షాపుల్లో, గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీల సమస్యలపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీతాలు, పనిగంటలు, లైంగిక వేధింపుల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు సమాచారం గురించి మాట్లాడదలుచుకున్నాను. కంప్యూటర్లు, లెక్కలు అనగానే అదేదో నిపుణుల వ్యవహారమని వదిలేస్తాం. కానీ బట్టల వ్యాపారంలో ఎవరి గురించిన సమాచారం ఎవరి చేతిలో ఉంటోందన్నది కూలిరేటు అంత ముఖ్యమైన ప్రశ్న.

పాతకాలం కొట్టులో ఏ రకం చీరలు ఎన్ని పోయాయో తెలియాలంటే స్టాకు దించి లెక్కపెట్టాల్సిందే. 1974లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక సూపర్ మార్కెట్లో, సరుకుల మీద ఇప్పుడు మనం చూసే రకం బార్‌కోడ్‌ని మొదటిసారి స్కాన్ చేశారు. ఇప్పుడు బిల్లింగ్ కౌంటర్లో అమ్మాయి ట్యాగు మీద స్కానర్ పెట్టగానే ఏ డిజైను, ఏ రంగు, ఏ సైజు, ఎంత ధరకి, ఏ సమయంలో పోయిందో నమోదవుతుంది. ఆ లెక్కే స్టాకు తగ్గిస్తుంది, కొత్త ఆర్డరు ఎంత పెట్టాలో చెబుతుంది, నిలిచిపోయిన సరుకుకి డిస్కౌంటు ఎప్పుడు పెట్టాలో కూడా చెబుతుంది.

దీన్ని పకడ్బందీగా వాడుకున్న కంపెనీగా బిజినెస్ స్కూళ్ళలో జారా గురించి పాఠం చెబుతారు. 1975లో స్పెయిన్‌లోని లా కొరూన్యా ఊళ్ళో మొదటి షాపు తెరిచిన ఈ కంపెనీ, షాపులకి వారానికి రెండుసార్లు సరుకు పంపే పద్ధతి పెట్టుకుంది. మేనేజర్లు అమ్మకాల లెక్కలతో పాటు కొనేవాళ్ళు ఏమంటున్నారో కూడా హెడ్డాఫీసుకి చేరవేస్తారు. ఫలానా మెడ నచ్చలేదు, ఇదే ఇంకో రంగులో కావాలి అన్న మాటలు కొద్ది వారాల్లోనే కొత్త డిజైన్లయి షాపుకి తిరిగొస్తాయి.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఆ మాటలు మొదట విన్నదెవరు? కౌంటరు దగ్గర నిలబడి, పది రకాలు దించి చూపించి, మళ్ళీ మడత పెట్టే మనిషి. మన ఊళ్ళ షాపుల్లో ఆ మనిషి చాలాచోట్ల స్త్రీయే. ఆమె అనుభవం వ్యాపారానికి ముడిసరుకు. కానీ దాన్ని నైపుణ్యమని ఎవరూ అనరు, దానికి విలువ కట్టరు.

ఇక రెండో వైపు చూద్దాం. షాపులో తెలిసిన సంగతి ఫ్యాక్టరీకి చేరేసరికి గడువుగా మారుతుంది. సరుకు నిలవ ఉంచుకుంటే నష్టమని బ్రాండు చిన్న చిన్న ఆర్డర్లు ఇస్తుంది, మధ్యలో మారుస్తుంది, తొందరపెడుతుంది. ఆ తొందర సూపర్‌వైజర్ కేకల రూపంలో, ఓవర్‌టైం రూపంలో మెషిన్ మీద కూర్చున్న ఆమెకి చేరుతుంది. కాలరు కుట్టడానికి ఎన్ని సెకన్లు పట్టాలో కంపెనీ దగ్గర లెక్క ఉంది. తను కుట్టేది ఏ షాపులో ఎంతకి అమ్ముతారో ఆమెకెవరూ చెప్పరు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు అనేక బ్రాండ్లు ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. బంగ్లాదేశ్‌లో లక్షలాది కార్మికుల బతుకులు దెబ్బతిన్నాయి.

బంగ్లాదేశ్ అనగానే రాణా ప్లాజా గుర్తుకురావాలి. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర ఆ భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. ముందురోజే గోడలు బీటలువారాయి. కింది అంతస్తులో ఉన్న బ్యాంకు తన సిబ్బందిని పంపించేసింది. గార్మెంట్ కార్మికులని మాత్రం మర్నాడు పనిలోకి రప్పించారు. ఆ తర్వాత అక్కడ ఏ బ్రాండ్ల బట్టలు కుట్టేవారో తేల్చడానికి ఉద్యమకారులు శిథిలాల్లో లేబుళ్ళు, కాగితాలు వెతకాల్సి వచ్చింది. ప్రతి చొక్కా లెక్కా కంప్యూటర్లో ఉంచుకునే వ్యాపారంలో, ఆ చొక్కా ఏ కప్పు కింద తయారవుతోందన్న సంగతి లోకానికి చెప్పే బాధ్యత ఎవరికీ లేకపోయింది!

ఉద్యమాల వల్ల కొంత మారింది. విద్యార్థుల, కార్మిక సంఘాల ఒత్తిడి తర్వాత 2005లో నైకీ తన ఫ్యాక్టరీల జాబితా బయటపెట్టింది. తర్వాత మరెన్నో బ్రాండ్లు అదే చేశాయి. 2013లో కార్మిక సంఘాలూ బ్రాండ్లూ సంతకాలు చేసిన భద్రతా ఒప్పందం కింద తనిఖీ నివేదికలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. బెంగుళూరులో గానీ, విశాఖ దగ్గర అచ్యుతాపురంలో గానీ పనిచేసే సంఘాలు ఈ జాబితాలు చూడటం అలవాటు చేసుకోవాలి.

మళ్ళీ మన షాపులకొద్దాం. బిల్లు మీద సేల్స్ అమ్మాయి కోడ్ ఉంటుంది. ఏ రోజు ఎంత అమ్మిందో, టార్గెట్‌కి ఎంత తగ్గిందో తెలుస్తుంది. వేలిముద్ర హాజరు, సీసీ కెమెరాలు ఉన్నాయి. కానీ ఆమె ఎన్ని గంటలు నిలబడిందో, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళనివ్వలేదో ఏ కంప్యూటర్లోనూ ఉండదు. ఆ లెక్కని కోళిక్కోడ్‌లో బట్టల షాపుల స్త్రీలే బయటికి తెచ్చారు. విజి, ఆమె సహచరుల సంఘం పెణ్‌కూట్టు చేసిన పోరాటం ఫలితంగా 2018లో కేరళ, తర్వాత 2021లో తమిళనాడు కూర్చునే హక్కుని చట్టంలో చేర్చాయి.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీద ఎక్కువ ఆశలు పెట్టుకోలేం. ఉద్యోగ అవసరాల కోసమైతే సిబ్బంది అనుమతి లేకుండానే యజమాని వారి సమాచారం వాడుకోవడానికి దాని 7వ సెక్షన్ వీలిస్తోంది. 2019 వేతనాల కోడ్ 50వ సెక్షన్ మాత్రం ప్రతి యజమానీ వేతన చీటీ ఇవ్వాలంటోంది. మనం అక్కడ మొదలుపెట్టవచ్చు.

నా ప్రతిపాదనలివి. ఒకటి: వేలిముద్ర హాజరు నకలు నెలనెలా ఉద్యోగినికి ఇవ్వాలి. నిఘా కోసం పెట్టిన ఆ యంత్రమే ఓవర్‌టైంకి సాక్ష్యమవుతుంది. రెండు: టార్గెట్లు, ఇన్సెంటివ్ లెక్కకట్టే పద్ధతి రాతపూర్వకంగా చెప్పాలి. మూడు: కెమెరాలు ఎక్కడున్నాయో, దృశ్యాలు ఎవరు చూస్తారో తెలపాలి. బట్టలు మార్చుకునేచోట, విశ్రాంతి గదిలో అసలు ఉండకూడదు. నాలుగు: ఏ ఫ్యాక్టరీలో కుట్టించారో ప్రతి బ్రాండూ ప్రకటించాలి.

ఇవి డిమాండ్ చేస్తూనే మన లెక్క మనం రాసుకుందాం. వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, కోసిన జీతం ఒక చిన్న పుస్తకంలో తేదీలతో రాయమని ప్రతి చెల్లికీ చెప్పండి. లేబర్ ఆఫీసులో మన మాటకి రుజువు అడిగినప్పుడు ఆ పుస్తకం పనికొస్తుంది. పదిమంది పుస్తకాలు ఒక్కచోట చేరితే సంఘానికీ పనికొస్తుంది.