ఏడాది దాటిన బిడ్డకు ఇంటి భోజనము



నేడు నేను మాట్లాడబోవునది వేదాంతము కాదు, పురాణము కాదు. ఏడాది నిండి మూడేండ్లు నిండని పసిబిడ్డ అన్నపు గిన్నెను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని వచ్చితిని. ఇది ఆడువారి పని, వంటింటి సంగతి, ముసలి పంతులుకు దీనితో నేమి ప్రసక్తియని మీలో కొందరు అనుకొనవచ్చును. కాని మన యిండ్లలో పసిబిడ్డకు ఏది పెట్టవచ్చును, ఏది పెట్టరాదు అని తీర్పు చెప్పువా రెవరు? తఱుచుగా కన్నతల్లి కాదు. నాయనమ్మయు, అమ్మమ్మయు, వారి వెనుక తాతయును. కోడలు పప్పన్నము కలిపినచో “పసివానికి పప్పు అరుగుతుందా?” అని చేయి పట్టుకొనువారము మనమే. తల్లిదండ్రులు పొలమునకో కూలికో కచేరికో పోయినప్పుడు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని తినిపించువారము మనమే. కావున ఈ మాటలు మీతోనే చెప్పవలసియున్నది.

ముందుగా ఒక లెక్క వినుడు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఐదేండ్లలోపు పిల్లలలో వయస్సునకు తగిన పొడవు ఎదుగనివారు ఆంధ్రప్రదేశమున నూటికి 31 మందియు, తెలంగాణమున 33 మందియు ఉన్నట్లు తేలినది. ఆఱు నెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో రక్తము చాలనివారు ఆంధ్రమున నూటికి 63 మంది, తెలంగాణమున 70 మంది. వీరందఱును గింజలు లేని యిండ్ల పిల్లలే యనుకొందురేమో, కారు. దేశమునందలి కలిగిన కుటుంబములలో సైతము ఇట్టి పిల్లలు తక్కువగా లేరని ఆ సర్వేయే చెప్పుచున్నది. గాదెలో ధాన్యముండగా బిడ్డ గిడసబారుట యెట్లు? దానికి కారణములు పెక్కు కలవు. నీరు మంచిది కాకపోవుట, మాటిమాటికి విరేచనములు పట్టుట, తల్లికే బలము లేకపోవుట మున్నగునవి. వానిలో మన చేతిలోనున్న దొకటి కలదు. దానినే చెప్పెదను.

మా వీధిలో ఒక యింట 14 నెలల ఆడబిడ్డ కలదు. ఆ బిడ్డ నాయనమ్మ ఒకనాడు నన్ను పిలిచి, “మాస్టారూ, పిల్ల పూటకొక గిన్నెడు తింటుందండీ, అయినా ఒళ్లు చేయడం లేదు. దిష్టికి ఏదైనా రాసిపెట్టండి” అని అడిగినది. ముందు గిన్నె చూపుమంటిని. అందు నలిపిన అన్నము నాలుగు చెంచాలు. తక్కినదంతయు చారు మీది తేట. “అమ్మా, పిల్ల గిన్నెడు తాగుతున్నది గాని తినడం లేదు” అంటిని. “ముద్దగా పెడితే అరగదేమోనని భయమండీ, పసిపిల్లకు తేలికగా ఉండాలంటారు గదా” అని ఆమె జవాబు చెప్పినది.

చిక్కంతయు ఆ ‘తేలిక’ యను మాటలోనే యున్నది. సుశ్రుతసంహితలో, శారీరస్థానము పదవ అధ్యాయమున, ఆఱవ నెలలో బిడ్డకు లఘువును హితమునైన అన్నము పెట్టుమని చెప్పబడినది. ఆ ‘లఘువు’నే మన పెద్దలు తేలిక యనిరి. మనము ఆ తేలికను పలుచన యని తెలిసికొంటిమి. లఘువనగా సుఖముగా జీర్ణమగునది యని యర్థము గాని, నీరు పోసి పలుచన చేసినదని యర్థము కాదు. మెత్తగా నుడికిన పెసరపప్పు లఘువు. అది ముద్దగా నున్నను లఘువే. చారునీరు లఘువే, కాని అందు అన్నమేది? ఒక్క మాటకు అర్థము తప్పి, తరములుగా మన బిడ్డలు నీళ్లతో కడుపు నింపుకొనుచున్నారు.

దీనిలోని కీలకము చెప్పెదను. ఏడాది బిడ్డ యెత్తు సుమారు 9, 10 కిలోలు. వాని కడుపులో ఒక పూటకు పట్టునది 250 మొదలు 300 మిల్లీలీటర్లు, అనగా ఒక మోస్తరు గిన్నెడు. ఆ గిన్నెలో నీరు పోసినచో నీటితోనే నిండును. బిడ్డ కడుపు నిండినదని మూతి త్రిప్పుకొనును. మనము తిన్నాడని సంతోషింతుము. రెండవ యేట తల్లిపాలు వాని శక్తిలో మూడవ వంతు మాత్రమే యీయగలవు. పాలు మానరాదు, రెండేండ్లు నిండువరకు ఈయవలసినదే. కాని తక్కిన రెండు వంతులు ఆ చిన్న గిన్నెనుండియే రావలెను. కావున అన్నము మెత్తగా నుండవలెను, చిక్కగా నుండవలెను, కొంచెము నెయ్యియో నూనెయో పడవలెను. చెంచాను వంచినప్పుడు జారిపోక నిలుచునంత చిక్కదనము కావలెను. నెయ్యి యన్న విలాసమని తలపవలదు. పిండిపదార్థము గ్రామునకు 4 కెలోరీల శక్తి నిచ్చుచుండగా నెయ్యి 9 ఇచ్చును. చోటు తక్కువ, శక్తి యెక్కువ. నెయ్యి లేని యింట వేరుసెనగ నూనె గాని నువ్వుల నూనె గాని ఒక చెంచాడు కలిపినను అదే పని చేయును.

ఇక వంటకు వత్తము. బిడ్డకు వేఱుగా వండుటకు తీరిక లేదని కోడండ్రు చెప్పుదురు, అది నిజమే. వేఱుగా వండ నక్కఱయు లేదు. ఇంటి పప్పు ఉడికిన తరువాత, కారము, చింతపండు, తాళింపు వేయకముందే ఒక గరిటెడు బిడ్డకై తీసి యుంచవలెను. అన్నము వేడిగా నున్నప్పుడే చేతితో మెదిపి, ఆ పప్పును నేతిని కలిపి, మడతపెట్టినట్లు చేసినచో ఒక పూట గడిచినది. పప్పుతో కూడ తోటకూరయో మునగాకో ఉడికించి మెదిపినచో మఱియు మేలు. దానిపై నిమ్మరసము రెండు చుక్కలు పిండుట మఱవవలదు. ఆకుకూరలోని యినుమును శరీరము గ్రహించుటకు ఆ పులుపు సహాయపడును. బియ్యమును పప్పును కలిపి తినవలెనని మన పూర్వులు పెట్టిన నియమమునకు నేటి శాస్త్రము కూడ ఒప్పుకొనుచున్నది. బియ్యములో కొఱతయైన లైసీనను పదార్థము పప్పులో కలదు, పప్పులో కొఱతయైనది బియ్యములో కలదు.

తీరిక గలనాడు పెసరపప్పు పొంగలి చేయవచ్చును. రెండు పాళ్లు బియ్యము, ఒక పాలు పెసరపప్పు దోరగా వేయించి, గుమ్మడి ముక్కయో కారెట్టు ముక్కయో వేసి, మెత్తగా నుడికించి, నేతితో పెట్టుట. మిరియము వలదు. రాయలసీమవారు రాగిసంకటిని పప్పుతోను నేతితోను మెదిపి పెట్టవచ్చును. తెలంగాణమున జొన్నరొట్టె తినువారు, రొట్టెను తునిగి వేడి పప్పులోనో పాలలోనో నానబెట్టి చిదిపి పెట్టవచ్చును. ఏ సీమవారి ధాన్యము వారికి చాలును. పట్టణపు డబ్బాపిండి కొనితెచ్చుట గౌరవమని కొందఱు తలచుచున్నారు. మన రాగుల ముందు అది యేపాటిది? హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల రాగులలో కాల్షియము 364 మిల్లీగ్రాములు కలదు, తెల్లని బియ్యములో 8 మిల్లీగ్రాములు కూడ లేదు. ఈ సంస్థ 1918లో కూనూరున మెకారిసన్ దొర నెలకొల్పిన చిన్న పరిశోధనాలయముగా మొదలై, 1958లో హైదరాబాదు చేరినది. మన ముంగిట నున్న విద్యను మనమే యెఱుగకుండుట వింత.

రాగులలో మఱియొక విశేషము కలదు. రాగిపిండిని ఉత్తగా ఉడికించినచో కొద్దిపిండికే గట్టిపడును. బిడ్డ మ్రింగలేడని నీరు పోయుదుము. నీరు పోయగానే మొదటి దోషము మఱల వచ్చును. అదే రాగులను మొలకెత్తించి పిండి చేసినచో, మొలకలో పుట్టిన ఒక పులియు గుణముగల పదార్థము పిండిని కరగించును. పిండి యెక్కువ వేసినను జావ జారుగానే యుండును. బరోడాలోని విశ్వవిద్యాలయమున పోషకాహారశాస్త్రము బోధించువారు 1986 ప్రాంతమున దీనిని పరీక్షించి, గట్టి జావలో మొలకపిండి ఒక్క చెంచాడు కలిపినను అది జారుగా నగునని ప్రకటించిరి. మన యవ్వలు రాగులను మొలకగట్టుట అంతకు ఎన్నడో యెఱుగుదురు.

చేయు విధము: రాగులను కడిగి ఒక రాత్రి నానబెట్టి, నీరు వార్చి, తడిగుడ్డలో మూటగట్టి ఒకటి రెండు దినములుంచిన తెల్లని మొలక వచ్చును. వానిని పలుచగా పరచి బాగుగా ఎండబెట్టి, చేతితో రుద్ది మొలకల కొనలు రాల్చి, సన్నని సెగపై కమ్మని వాసన వచ్చువరకు మాత్రమే వేయించి, విసరవలెను. ఎక్కువ మాడ్చినచో ఆ కరగించు గుణము నశించును. బూజు వాసన వచ్చినచో మోహపడక పారవేయుడు. నెల దాటి నిలువ యుంచవలదు. రెండు చెంచాల పిండిని చల్లని నీటిలో కలిపి, పాలతో ఉడికించి, తుద కొక చెంచాడు నెయ్యి చేర్చిన చాలును. బియ్యపు జావయో గోధుమ జావయో గట్టిపడినప్పుడు, దించి కొంచెము వేడి తగ్గిన పిమ్మట, ఈ మొలకపిండి ఒక చెంచాడు చల్లి కలిపి, అది జారుగా నైన తరువాత మఱల ఒక పొంగు రానిచ్చి దింపుడు.

నేను గ్రుడ్డు తినను. ఐనను తినువారి యింటిలో బిడ్డకు గ్రుడ్డు పెట్టుమని నిస్సంకోచముగా చెప్పుదును. బాగుగా నుడికించి, పచ్చసొనతో కూడ అన్నములో మెదిపి పెట్టవలెను. చేపకు ముండ్లు ఏరవలసిన శ్రమ గలదు గాని, అదియు మంచిదే.

రెండు భోజనముల నడుమ బిడ్డకు ఏమైన కావలెను. ఇచ్చటనే అంగడి పొట్లము లోనికి వచ్చుచున్నది. 5 రూపాయల పొట్లములో ఉప్పు, నూనె, రంగు తప్ప సారము లేదు. అది తిన్న బిడ్డ మధ్యాహ్నము అన్నము ముట్టడు. టీలో బిస్కత్తు ముంచి పెట్టుట అంతకంటె చెడ్డది. టీ తిండిలోని యినుమును పట్టి వంటికి అందనీయదు. దానికి బదులు చిదిపిన అరటిపండు, మెదిపిన చిలగడదుంప, బొప్పాయి, నెయ్యి రాచిన ఇడ్డెన ముక్క, పెరుగులో నానిన అటుకులు, పొడిగా చిదిపిన సున్నుండ, వేయించి మెత్తగా దంచిన వేరుసెనగపొడి అన్నములోనో జావలోనో చల్లి ఇచ్చినది. ఇవన్నియు ఇంటనే కలవు. తీపిని మాత్రము కొంచెముగానే వాడుడు.

వేరుసెనగ మాట వచ్చినది గావున ఒకటి గట్టిగా చెప్పవలసియున్నది. పల్లీలని, బుడ్డలని, వేరుసెనగపప్పులని ఏ పేరుతో పిలిచినను, ఆ గింజలను, పుట్నాలను, ద్రాక్షపండ్లను గుండుగా పసిబిడ్డ చేతికి ఈయవలదు. సీతాఫలపు గింజ, రేగుపండు, పచ్చి కారెట్టు ముక్క ఇట్టివే. నమలుటకు దవుడపండ్లు సరిగా రాని బిడ్డ నవ్వుచునో ఏడ్చుచునో ఊపిరి లాగినప్పుడు ఆ గింజ ఊపిరిగొట్టములోనికి పోవును. అప్పుడు క్షణములలో ప్రాణము మీదికి వచ్చును. తాత జేబులో పుట్నాలుండుట ప్రేమ చిహ్నమే, కాని బిడ్డకు ఐదేండ్లు నిండువరకు ఆ జేబు కుట్టివేయుడు. తినుచున్న బిడ్డను పరుగెత్తనీయవలదు. పడుకొన్న బిడ్డ నోట పెట్టవలదు.

పాలు మంచివని దినమునకు లీటరు పోయువారును కలరు. పశువుల పాలు అర లీటరు మించినచో బిడ్డ తక్కిన తిండి విడుచును, ఇనుమును తగ్గును. రక్తహీనతకు అదియు నొక దారి.

దినమునకు మూడు నాలుగు భోజనములు, నడుమ ఒకటి రెండు చిరుతిండ్లు. క్రొత్త వంటకము ఒకనాడు ఉమిసినంత మాత్రమున మానవలదు. పది దినములు వదలక కొంచెముకొంచెముగా నోటికి అందించినచో అలవడును. బలవంతముగా కుక్కవలదు. పూర్వము చందమామను చూపి తినిపించితిమి. ఇప్పుడు సెల్ఫోను చూపుచున్నారు. చందమామను చూచు బిడ్డ మన ముఖము కూడ చూచును, ముద్దను కూడ చూచును; సెల్ఫోను చూచు బిడ్డకు నోటిలో పడినది ఏదియో తెలియదు. వండినది రెండు గంటలు దాటక పెట్టవలెను, తినిపించు చేతిని సబ్బుతో కడుగవలెను.

జ్వరము తగిలినప్పుడు “లంఘనము పరమౌషధము” అని బిడ్డకు అన్నము మాన్పుట మన పెద్దలలో నేటికిని ఉన్నది. ఆ మాట వైద్యశాస్త్రములో పెద్దలకు చెప్పబడినది. బాలులకు, వృద్ధులకు, గర్భిణులకు లంఘనము వలదని ఆ శాస్త్రమే మినహాయించినది. విరేచనములు పట్టిన బిడ్డకు ఓఆర్‌ఎస్ ద్రావణము పట్టుచు, తల్లిపాలును పెరుగన్నమును మానక పెట్టవలెను. తగ్గిన తరువాత ఒకటి రెండు వారములు దినమున కొక పూట ఎక్కువ పెట్టుడు. కన్నులు లోనికి పోయినను, ఏమియు త్రాగలేకపోయినను, మూత్రము తగ్గినను, రక్తము పడినను వంట మాట విడిచి ఆసుపత్రికి తీసికొనిపొండు.

అంగన్‌వాడీలో బిడ్డల కొఱకు బాలామృతమను పిండి నిచ్చుచున్నారు. అందులో వేయించిన గోధుమలు, సెనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలవు. అది బిడ్డ భాగము. ఇంటిల్లిపాది పంచుకొనుటకు కాదు. దానిని కూడ పలుచగా కలుపవలదు. అదే చోట నెలకొకసారి బిడ్డను తూచి, గీతల పటములో గుర్తుపెట్టుదురు. ఆ కాగితమును తాతలైన మీరే అడిగి తెచ్చుకొని చూడుడు; రెండు నెలలుగా గీత పైకి ఎక్కకున్నచో, ఆ సాయంత్రమే గిన్నెలో చెంచా నిలబెట్టి చూడుడు.