తోపు ఎలా మ్రోగుతుంది?



డెబ్బది అయిదేండ్ల పండుగనాడు ఫిరంగుల ప్రసక్తి ఏల అని మీకు తోచవచ్చును. ఒక బాలుడు అడిగిన ప్రశ్నయే ఇందుకు కారణం.

ఒకనాడు ఏడవ తరగతిలో చరిత్ర పాఠం చెబుతూ, "కోట మీద తోపులు మ్రోగాయి" అన్నాను. ఒక పిల్లవాడు లేచి, "టీచర్, మామిడితోపు ఎలా మ్రోగుతుంది?" అని అడిగాడు. తరగతి అంతా గొల్లుమన్నది. నేనూ విసుగుతో "కూర్చో" అన్నాను. ఆ రాత్రి నిఘంటువు తెరచినప్పుడు గాని నా తప్పు నాకు తెలియలేదు.

మామిడితోటల రాజపాళయంలో పుట్టిన బిడ్డకు తోపు అంటే చెట్ల గుంపే. తమిళంలోని 'తోప్పు' కూడా అదే. ఆయుధమైన తోపు వేరొక మాట. అది తురుష్క భాషలో పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా మనలను చేరింది. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారానికి 'తోప్ కా సాంచా' అని పేరు. సాంచా అంటే అచ్చు.

ఇక ఫిరంగి. ఐరోపాలోని ఫ్రాంకుల పేరును అరబ్బులు, పారసీకులు ఐరోపావారందరికీ వాడారు. మనుషుల పేరు క్రమంగా వారి ఆయుధానికీ అంటుకొన్నది. తమిళులు దానిని 'పీరంగి' అంటారు. చెన్నైలోని పరంగిమలై, కడలూరు జిల్లాలోని పరంగిపేట్టై, మన వంటింటి పరంగికాయ, అన్నింటా ఉన్నది ఆ పరదేశి పేరే. ఒకే మాట ఒకచోట కొండ, ఒకచోట కూర, ఒకచోట మృత్యువు!

శతఘ్ని సంస్కృత పదం. నూరుగురిని చంపునది అని అర్థం. వాల్మీకి సుందరకాండలో లంకను వర్ణిస్తూ ఈ మాట వాడాడు. వ్యాఖ్యాతలు దానిని ముళ్లు గల ఆయుధమన్నారు. మందుగుండుతో పేలేది కాదు. తరువాతి రచయితలు ఆ ప్రాచీన నామాన్ని ఫిరంగికి ఇచ్చారు.

ఇవి పర్యాయపదాలే అయినా ఒకదాని చోట మరొకటి ఇమడదు. 1757 జనవరి 24న బొబ్బిలి మట్టికోటపై బుస్సీ సేనలు పేల్చినవాటిని శతఘ్నులంటే పురాణం వినిపిస్తుంది. తోపులంటే మా బాలునికి చెట్లు కనిపిస్తాయి. ఫిరంగులంటేనే కోటను కూల్చినది ఏమిటో, అది ఎవరిదో కూడా తెలుస్తుంది.

మరునాడు తరగతి ఎదుట ఆ బాలుని క్షమాపణ కోరాను. అతని ప్రశ్న అజ్ఞానం కాదు. రెండు భాషల నడుమ పెరుగుతున్న బుద్ధికి తోచిన సందేహం.

"ఇంట్లో మాట్లాడుతూనే ఉన్నాం కదా, మళ్లీ తెలుగు చదువు ఎందుకు?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. 2006లో వచ్చిన చట్టం తమిళాన్ని తరగతి తరగతిగా తప్పనిసరి చేసింది. తమిళం మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. మనకు అన్నం పెట్టిన నేల భాష అది. కాని ఇంటి పలుకు మాత్రమే మిగిలి అక్షరం పోతే, తోపు అంటే చెట్లే మిగులుతాయి. ఫిరంగి ప్రయాణం, శతఘ్ని ప్రాచీనత మన ఇళ్ల నుండి చప్పుడు లేకుండా వెళ్లిపోతాయి.

కనుక తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. రోజుకు ఒక్క పుట బిడ్డచేత తెలుగు చదివించండి. చదివి వింత ప్రశ్న అడిగితే నవ్వకండి, నావలె కూర్చోమనకండి. కలిసి నిఘంటువు తెరవండి.