ఎఱ్ఱగుడి బండలు - మన గ్రంథాలయము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



చైనాదేశపు యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఎడారులను, మంచుకొండలను దాటి బుద్ధుడు పుట్టిన నేలకు వచ్చెను. మన ఆంధ్రదేశమును గూడ దర్శించెను. 645లో 657 గ్రంథములతో స్వదేశము చేరెను. వానిని భద్రపరచుటకై 652లో చాంగాన్ నగరమునందలి బౌద్ధాలయమున ఒక గోపురమును కట్టిరి. తరువాత మార్పులు పొందినను అది నేటికిని నిలిచియున్నది. పుస్తకముకొరకు మానవుడు ఎంతదూరము నడువగలడో ఆ గోపురము చాటుచున్నది.

మనము అంతదూరము పోనక్కరలేదు. గుత్తినుండి పత్తికొండకు పోవు త్రోవలో, మన కర్నూలు జిల్లాలోనే, ఎఱ్ఱగుడి యున్నది. క్రీ.పూ. 3వ శతాబ్దిలో అశోక చక్రవర్తి చెక్కించిన 14 పెద్ద శాసనములును, చిన్న శాసనములును అచటి బండలపై నున్నవి. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. చిన్న శాసనములో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచును. అచట ఆలయ వైభవము లేదు. ఎండకు కాగు బండలే.

ఆ బండలు ఏమి చెప్పుచున్నవి? మనుష్యులకును పశువులకును వైద్యము చేయించితిననియు, త్రోవల వెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించితిననియు ఒక శాసనము. నీటి విలువ నెరిగిన మన సీమవారికి దీనికి వ్యాఖ్యానమేల? పరమతమును నిందింపరాదని మరియొకటి. తల్లిదండ్రుల మాట వినవలెను, ప్రాణులయెడ దయ చూపవలెను, సత్యము పలుకవలెను, శిష్యుడు గురువును గౌరవింపవలెనని చిన్న శాసనము.

అందులోనే ఇంకొక ఆజ్ఞ యున్నది. రజ్జుకులను అధికారులు భేరి మ్రోగించి ఈ మాటలను జనపదమునకు వినిపింపవలెనట! చదువురానివాడు బండయెదుట నిలిచినంతమాత్రమున ధర్మము తెలియదని చక్రవర్తి యెరుగును.

అయినను కాలక్రమమున భేరి ఆగినది. ఆ లిపి చదువువారు లేకపోయిరి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మిలిపి రహస్యమును విప్పెను. ఎఱ్ఱగుడి బండలు 1929లోగాని పండితుల దృష్టికి రాలేదు. అంతవరకు అక్షరములు చెరగలేదు, చదువరియే లేడు. చదువరి లేని అక్షరము రాతిమీది గీతయే.

సోదరులారా, 25 ఏండ్లు నిండిన మన గ్రంథాలయమునకును ఈ హెచ్చరిక చెల్లును. బీరువాలు నిండినంతమాత్రమున గ్రంథాలయము బ్రతుకదు. చదువు వచ్చినవారు సాయంకాలము ఒక్క గడియ రచ్చకట్టపై కూర్చుండి, చదువురాని పెద్దలకు పత్రికయో పుస్తకమో చదివి వినిపింపుడు. అదే మన భేరి. మీ పిల్లలను ఒకమారు ఎఱ్ఱగుడికి తీసికొనిపొండు. ఆ బండలపై తమ పేర్లు గీయవద్దని ముందుగానే చెప్పుడు. రెండువేల యేండ్లు ఎండవానలు చెరపలేని అక్షరములను మన చేతులు చెరపరాదు.

ఈ గ్రంథాలయము మరెన్నో ఉత్సవములు జరుపుకొనుగాక! సెలవు.