చిన్నప్రేగులో పాలిప్‌లు
(పూర్వ విద్యార్థి అయిన ఒక వైద్యుని ప్రసంగ పాఠం)



ఆవని కొండ నీడన ఉన్న ఈ బడిలో చదువుకొన్న నేను పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన ఒక్క సంగతి మనవి చేస్తాను.

చిన్నప్రేగు సుమారు ఆరు మీటర్ల పొడవు. దాని లోపొరపై పులిపిరివలె మొలిచే కండను పాలిప్ అంటారు. పెద్దప్రేగులో ఇవి తరచు కనిపిస్తాయి, చిన్నప్రేగులో అరుదు. అందుచేత అనుమానమే ఆలస్యంగా కలుగుతుంది.

పిల్లలలో ఇందుకు ముఖ్యమైన కారణాలలో ఒకటి పోయిట్స్-జెగర్స్ వ్యాధి. 1921లో హాలండు వైద్యుడు పోయిట్స్, 1949లో అమెరికా వైద్యుడు జెగర్స్ దీనిని వివరించారు. పెదవులపై, బుగ్గల లోపల, వ్రేళ్లపై నల్లని చిన్న మచ్చలు దీని గుర్తు. మనం వాటిని పుట్టుమచ్చలని మురిసిపోతాం! ప్రతి మచ్చా రోగం కాదు సుమా. మచ్చలతోపాటు మాటిమాటికి కడుపునొప్పి, రక్తహీనత ఉంటే మాత్రం వైద్యునికి చూపించాలి. పాలిప్ పెరిగితే ప్రేగులోకి ప్రేగు దూరి బిగుసుకొంటుంది. తెరలుతెరలుగా నొప్పి, పచ్చని వాంతులు మొదలైతే వేడి చేసిందని తెల్లవారేదాకా ఆగరాదు; ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకొనిపోవాలి.

పూర్వం కడుపు కోయడమే మార్గం. 2001 నుండి మ్రింగే కెమెరా గుళిక వాడుకలోకి వచ్చింది. ఆ ఏడే జపాను వైద్యుడు యమమోతో రెండు బెలూన్ల ఎండోస్కోపీని వెల్లడించారు. నేడు బెంగుళూరులో, హైదరాబాదులో ఈ పద్ధతితో పాలిప్‌లను కోత లేకుండా తీస్తున్నారు. తీసినా మళ్లీ మొలవవచ్చు, క్యాన్సరు భయమూ ఉంది. కనుక జీవితాంతం పరీక్షలు తప్పవు.

తల్లికో తండ్రికో ఈ వ్యాధి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంది. పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని దాచే ఇళ్లున్నాయి. ఒక బిడ్డలో తేలితే తోబుట్టువులనూ చూపించండి. లక్షణాలు లేకపోయినా ఎనిమిదేళ్లకే తొలి పరీక్ష చేయించాలి.