వాచకము – అవగాహన

చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికకు తరువాయిగా విగ్రహము, సంధి యను భాగములను రచించిన కందుకూరి వీరేశలింగముగారిది మన రాజమహేంద్రవరమే. అట్టి గ్రంథములు పఠనీయములై బాలుర భాషాశక్తిని పెంపొందించినవనుట నిజమే కాని, సమాసభారముచేత కథకంటె ప్రతిపదార్థమే ప్రధానమై, భావమెరుగకయే పాఠమప్పగించుట పాండిత్యముగా చెల్లినదనుటయు నంతే నిజము. ఈ మాటను నేను గ్రాంథికముననే పలుకుట విని వ్యావహారికభాషావాదియైన గిడుగు రామమూర్తిగారు నవ్వుకొందురేమో!

నేటి తెలుగువాచకము మరియొక త్రోవ పట్టినది. పాఠమునకు ముందు బొమ్మను చూపి పిల్లలచేత మాటలాడించి, పిదప చదివించి, తుదకు ‘అవగాహన–ప్రతిస్పందన’ యను శీర్షిక క్రింద, పుటలో నేరుగా దొరకు జవాబుతోనే తృప్తినొందక, కారణమును యోచించి సొంతమాటలలో చెప్పుమని యడుగుచున్నది. గణితాది పుస్తకములలోనో, 2020–21 నుండి ఒక పుట తెలుగున, ఎదుటి పుట ఆంగ్లమున ముద్రించుటచే, కోనసీమ పల్లెలోని బాలిక ఆంగ్లవాక్యమున తడబడినచోట ప్రక్కకు చూచి భావమును పట్టుకొనగలదు. నా మట్టుకు ఇది మేలైన యేర్పాటు.

ఉపాధ్యాయ మహాశయులారా, గైడులోని జవాబును నల్లబల్లపై వ్రాయుటకు ముందు, ఆ ప్రశ్నను విద్యార్థినే యొకమారు యోచింపనిండు.