జుట్టు చాటు గడ్డ



ఇంట్లో పిల్లలకూ, అత్తగారికీ తలంటేది మనమే గదా. తలమీద బుడిపె ఉంటే మొదట తగిలేది మన వేళ్ళకే. చాలావాటితో భయం లేదు; తిత్తులూ, కొవ్వుగడ్డలే ఎక్కువ. ఈ రోజు చెప్పబోయేది చాలా అరుదైనది. నొప్పి లేకపోవడం వల్లనే మోసం చేస్తుంది.

దాని పేరు నోరు తిరగదు: డెర్మాటోఫైబ్రోసార్కోమా ప్రొట్యూబరెన్స్. 1924లో డారియే, ఫెరాన్ అనే ఫ్రెంచి వైద్యులు దీన్ని వర్ణించారు. అమెరికా లెక్కల్లో ఏటా పది లక్షల మందిలో సుమారు నలుగురికి వస్తుందిట. అదీ ఎక్కువగా ఒంటిమీద. తలమీద ఇంకా తక్కువ. క్యాన్సర్ జాతిదే గాని మందకొడిది. గట్టిపడిన పాత మచ్చలాగా మొదలై ఏళ్ళ తరబడి పెరుగుతుంది. దూరపు అవయవాలకు పాకడం అరుదు.

చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల్లో నొప్పిలేని గడ్డ కోసం కూలి మానుకుని ఖమ్మం దాకా ఎవరొస్తారు? పసరు కట్టి ఊరుకుంటారు. తలనీలాలు ఇచ్చిననాడు గాని అది ఎంతైందో కనపడదు. పట్నంలో ఉన్న మనమూ తక్కువ తినలేదు. పెళ్ళి కావలసిన పిల్లకు జుట్టు తీస్తారేమోనని జడ చాటున దాచేస్తాం.

ఇక ఆపరేషన్ సంగతి. పొలంలో తుంగ చూశారు గదా! పైన కనబడేది కొంచెం, లోపల ఎటు పాకిందో తెలియదు. ఈ గడ్డా అంతే. పైది మాత్రం తీసేస్తే మళ్ళీ అక్కడే మొలుస్తుంది. అందుకని ముందు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ జబ్బేనని తేలితే చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మంచి చర్మంతో సహా, లోతుగా తీస్తారు. తల చర్మం పొట్ట చర్మంలా సాగదు, లాగి కుట్టడం కష్టం. పక్క చర్మాన్ని తిప్పి కప్పుతారు, లేదా తొడనుంచి పలుచని పొర తెచ్చి అతికిస్తారు. అతికించిన చోట జుట్టు మొలవదు. మొలవకపోతే పోనీండి, సవరం మనకు కొత్తా! తియ్యడానికి వీలుకాని గడ్డలకు ఇమాటినిబ్ అనే మాత్ర ఉంది. 2006లో అమెరికాలో దీనికి అనుమతి ఇచ్చారు.

ముందు ఖమ్మంలోనో భద్రాచలంలోనో ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. అవసరమైతే హైదరాబాదులో 1955 నాటి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ ఆపరేషన్లు కూడా చేరాయి. ఎక్కడ తీయించుకున్నా ఈ మాట అడగండి: "తీసిన గడ్డను పరీక్షకు పంపారా? అంచుల్లో ఏమీ మిగల్లేదు గదా?" మొహమాటపడకండి.

ఆ తర్వాత కొన్నేళ్ళపాటు పిలిచినప్పుడల్లా వెళ్ళి చూపించుకోవాలి. పరీక్ష రిపోర్టు కాగితం మటుకు పారేయకండి. రేషన్ కార్డుతో పాటు బీరువాలో పెట్టండి. రేపు ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మొదట అడిగేది అదే.